తాత గొంగడికి కొత్త పోగు: నల్లగొర్రె ఉన్నితో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2

చిల్లులు పడ్డ పాత గొంగడిని బాగుచేసే పనిలో మొదటి రోజంతా కొలవడం, రాసుకోవడం. సూది ముట్టలేదు.

గొంగడి సిద్దిపేట దిక్కు ఒక కురుమల ఇంటిది. మంద వెంట తిరిగినన్నాళ్లూ ఆ ఇంటి తాత భుజం మీద ఉన్నది. ఆయన పోయాక పెట్టెలోకి చేరింది. పొడవు 240 సెం.మీ., వెడల్పు 125, బరువు 1,650 గ్రాములు. రంగు అద్దని నల్లగొర్రె ఉన్ని. పైవైపు ఎండకు కాలి ముదురు గోధుమ రంగుకు తిరిగింది, మడత లోపల ఇంకా నల్లగానే ఉంది.

దెబ్బలు మూడు. నడుమ చిమ్మట పురుగు తిన్న చిల్లు, 9 సెం.మీ. పొడవు, 6 వెడల్పు. ఒక పక్కన నిప్పురవ్వ పడి కాలిన చిల్లు, 4 సెం.మీ. ఉన్ని దూదిలా భగ్గుమని అంటుకోదు, బొగ్గుకట్టి అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ చిల్లు గుండ్రంగా ఉంది, అంచు గరుగ్గా తగులుతోంది. మూడోది ఒక కొసన ముడులు ఊడి 40 సెం.మీ. మేర పడుగు (నిలువు) పోగులు జారిపోవడం.

వీటికంటే ముందు రాసుకోవాల్సింది ముట్టకూడని వాటి పట్టిక. ఇంటివాళ్లను ఒక్కొక్క మరకా చూపించి అడిగితేనే ఇది తయారవుతుంది. మనకు మురికిలా కనిపించేది వాళ్లకు మనిషి గుర్తు కావచ్చు. ఈ గొంగడి మీద అలాంటివి మూడున్నాయి. మొదటిది ఎర్ర నూలుదారంతో వేసిన పాత కుట్టు, అరచేయంత. అవ్వ గొంగడి చేతికిస్తూ చెప్పిన మాట అదొక్కటే: “ఆ కుట్టు నాదే బిడ్డా. వంకరున్నా ఉండనీ.” రెండోది లోపలి మడతలో పసుపు మరక. కొమురవెల్లి మల్లన్న జాతరలో బండారి పడ్డది. మూడోది పై అంచులో అరిగి నున్నబడ్డ చోటు. వానలో కొప్పెరలా వేసుకున్నప్పుడు తల మీదికి వచ్చేది ఆ భాగమే. అక్కడ నూగు లేదు, నేత గీతలు తేలి కనిపిస్తున్నాయి. బట్ట పలచబడినా తెగలేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తున్నాం.

ఫిబ్రవరి 3

పాత పోగు గుట్టు తెలియకుండా కొత్తది వడకలేం. ఊడిన కొసన ఒక పోగును 10 సెం.మీ. తీసి చూశాం. ఒంటిపోగు. నిలువుగా పట్టుకుంటే పురి వాలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కుతోంది. అంటే కదురును (పోగు వడికే పుల్లను) గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పారు. పెన్సిలుకు పక్కపక్కన చుడితే 4 చుట్లు పడ్డాయి, మూడోవంతు అంగుళం నిండింది. లెక్కన అంగుళానికి 12 చుట్లు. నగల త్రాసు మీద 0.07 గ్రాములు తూగింది, అంటే 10 మీటర్లకు దాదాపు 7 గ్రాములు. నేతలో సెంటీమీటరుకు పడుగు 4 పోగులు, పేక (అడ్డం పోగులు) 3.

ఎంత పోగు కావాలో దీన్నుంచే తేలుతుంది. పెద్ద చిల్లుకు నాలుగు వైపులా 3 సెం.మీ. పాత బట్టలోకి వెళ్లాలి కాబట్టి పని జరిగే మేర 15 × 12. పడుగు 60 పోగులు, ఒక్కొక్కటి 12 సెం.మీ.: 7.2 మీటర్లు. పేక 36 పోగులు, ఒక్కొక్కటి 15 సెం.మీ.: 5.4 మీటర్లు. మలుపులకు, కొసలకు కలిపి 16 మీటర్లు అనుకున్నాం. కాలిన చిల్లుకు 10, అంచుకు 8. మొత్తం 34 మీటర్లు. వడకాల్సింది మాత్రం 100. వడికిన పోగులో సన్నం, లావు ఉంటాయి, పాతదానికి జతపడే ముక్కలు ఏరుకోవాలి. ఏరుకునే వీలు లేకపోతే ఏది ఉంటే అది పెట్టాల్సి వస్తుంది.

గొంగడిని దులిపి, వలగుడ్డ అడ్డం పెట్టి వాక్యూమ్‌తో రెండు వైపులా దుమ్ము తీశాం. వలగుడ్డ లేకపోతే ఊడిన పోగులు గొట్టంలోకి పోతాయి. తర్వాత మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి టేపుతో మూసి డీప్ ఫ్రీజర్‌లోకి. మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు. చిల్లు అంచుల్లో సన్న గూళ్లు కనిపించాయి. గుడ్డు, పురుగు బతికుండగా రఫ్ఫు చేస్తే (చిల్లును పోగులతో అల్లి పూడిస్తే) కొత్త ఉన్ని వాటికి మేతవుతుంది.

ఫిబ్రవరి 5

ఉన్ని వచ్చింది, 320 గ్రాములు. అదే ఇంటి మందలో మిగిలిన నల్లగొర్రెల్లో ఒక ముసలి గొర్రెది. జనవరి చివర కత్తిరించింది. తాత పెంచిన మంద సంతతిలో ఇప్పుడు ఉన్నవి కొన్నే.

ఉన్ని దొరకడం ఎందుకు కష్టమైందో ఇక్కడే చెప్పాలి. దక్కని గొర్రె, అంటే మన నల్లగొర్రె, ఏడాదికి రెండుసార్లు కత్తెర పడే ఉన్ని గొర్రె. నెల్లూరు గొర్రెకు ఒంటి మీద ఉండేది పొట్టి బొచ్చు. పల్ల, జోడిపి, డోర మూడు రకాల్లోనూ వడకడానికి పనికొచ్చే ఉన్ని లేదు. అది ఎత్తుగా, బరువుగా పెరుగుతుంది. మాంసం ధరే ఆదాయమైన చోట మందలు అటు తిరిగాయి. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చినప్పుడు చాలావరకు పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. నల్లగొర్రె పలచబడితే గొంగడి పలచబడుతుంది, గొంగడి అడిగేవాళ్లు లేకపోతే నల్లగొర్రె పలచబడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

బజారులో దొరికే అక్రిలిక్ దారం దీనికి పనికిరాదు. అది ఎంత నలిపినా అట్టకట్టదు, మెరుస్తుంది, పాత పోగును కోసేస్తుంది. మెరినో ఉన్ని మరీ మెత్తన. నలిపితే పాతదానికంటే ముందే ముడుచుకుపోయి అతుకు చుట్టూ బట్టను లాగుతుంది. గరుకు ఉన్నికి గరుకు ఉన్నే జత.

ఫిబ్రవరి 6

ఏరడం. ముందు ఒక జాగ్రత్త: పచ్చి ఉన్నిని దుమ్ము లేచేలా దులపకూడదు. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) క్రిములు ఉన్నిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కారణం తెలియకుండా చచ్చిన గొర్రె ఉన్ని ఎంత బాగున్నా ముట్టొద్దు. బతికి ఉన్న, ఆరోగ్యంగా ఉన్న గొర్రెదని తెలిసిన ఉన్నే తీసుకోవాలి.

పాత దుప్పటి పరిచి భాగాలు వేరు చేశాం. భుజాలు, పక్కలది అన్నిటికంటే మేలు. వెంట్రుక పొడవు 6 నుంచి 7 సెం.మీ., చివర వరకు ఒకే లావు. వీపు మీదిది ఎండకు కాలి కొసలు ఎర్రబారాయి, అక్కడక్కడా పెళుసు. కడుపు కింది ఉన్ని, తోక దగ్గర పెంటికలు అంటుకున్నది తీసేశాం. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు ఏరాం. ఎండిన గోమార్లు రెండు దొరికాయి.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది రెండో కత్తెర ముక్కలు ఏరడానికి. కత్తిరించేవాళ్లు ఒకసారి ఎత్తుగా కోసి, మళ్లీ చర్మం దాకా కోస్తే సెంటీమీటరు పొడవు ముక్కలు పడతాయి. ఇవి ఏకుల్లో (వడకడానికి చుట్టుకునే ఉన్ని వత్తుల్లో) కలిస్తే పోగులో ఉండలుగా తేలతాయి, పురి అక్కడ నిలవక పక్కన సన్నగా ఉన్న చోటికి పోతుంది, అక్కడే తెగుతుంది. జల్లెడ మీద ఉన్నిని పలచగా పరిచి చేత్తో మెల్లగా తడితే సగం ముక్కలు కింద రాలిపోతాయి. మిగతావి వేళ్లతో. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టని సామెత ఉంది గానీ, గొంగడి చేసేటప్పుడు మాత్రం ప్రతి వెంట్రుకా ఏరాల్సిందే. మెరుపు లేని, పుల్లలా విరిగే తెల్లటి ముతక వెంట్రుకలు పురి పట్టవు, మెడకు గుచ్చుకుంటాయి.

ఏరాక మిగిలింది 250 గ్రాములు. ఎర్రబారిన కొసలున్న వీపు ఉన్నిని విడిగా 60 గ్రాములు ఉంచాం. దాని పని తర్వాత ఉంది.

ఫిబ్రవరి 7, 8

ఉతుకు. 15 కుంకుడుకాయలు గింజ తీసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున మరగబెట్టి వడకట్టాం. 10 లీటర్ల నీళ్లు 45 డిగ్రీల వేడి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత. సోడా, బట్టల సబ్బు వద్దు. క్షారం ఉన్ని పోగును పెళుసు చేస్తుంది. కుంకుడు రసం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది, ఉన్నికి అదే మంచిది.

నీళ్లలో ఉన్నిని నొక్కి ముంచి 20 నిమిషాలు వదిలేయాలి. పిసకకూడదు, కలపకూడదు. రెండు కుంకుడు నీళ్లు, మూడు మంచినీళ్లు. నల్లగొర్రె ఉన్నిలో జిడ్డు తక్కువ, మట్టి ఎక్కువ. మొదటి నీళ్లు చెరువు బురదలా దిగాయి, ఐదోసారికి టీ డికాషన్ రంగుకు వచ్చాయి. అక్కడితో ఆపేశాం. నీళ్లు తేటగా రావాలని పట్టుపడితే ఉన్ని అట్టకడుతుంది.

ఒక పిడికెడు ఉన్ని ఇక్కడ పాడైంది. మూడోసారి నీళ్లు మార్చేటప్పుడు కుళాయి చన్నీళ్లు నేరుగా ఉన్ని మీద పడ్డాయి. వేడిలో తెరుచుకున్న పోగుల పొలుసులు చల్లటి ధార దెబ్బకు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ముద్దను విప్పబోతే తెగుతోంది, విప్పలేదు. ముందు నీళ్లు పోసుకుని, వేడి సరిచూసుకుని, తర్వాతే ఉన్ని దించాలి. ప్రతి నీళ్లూ ముందువాటితో ఐదు డిగ్రీల తేడాకు మించకుండా ఉండాలి.

వలసంచిలో వేసి నీడన, గాలికి రెండు రోజులు. ఎండిన బరువు 185 గ్రాములు.

ఫిబ్రవరి 11

ఏకడం. పల్లెల్లో ఉన్నిని విల్లుతో ఏకేవాళ్లు. నారి దెబ్బకు పోగులు విడిపోయి మబ్బులా పొంగుతాయి. 150 గ్రాముల పనికి విల్లు కట్టలేదు. పెంపుడు కుక్కల బొచ్చు దువ్వే, వంగిన సన్నతీగల బ్రష్‌లు రెండు తీసుకున్నాం. తీగల మధ్య ఎడం ఈ ముతక ఉన్నికి సరిగ్గా సరిపోతుంది.

ఎడమచేతి బ్రష్ మీద 3 నుంచి 4 గ్రాముల ఉన్ని, అంతకు మించొద్దు. కుడిచేతి బ్రష్‌ను తీగలు తీగలకు తగలకుండా పైపైన లాగాలి. తీగల్లోకి దించి లాగితే పోగులు తెగుతాయి. నాలుగైదు లాగుళ్ల తర్వాత ఉన్ని మొత్తం కుడివైపుకు వస్తుంది. మార్చి మళ్లీ. మూడు మార్లకు పోగులన్నీ పరుచుకుంటాయి. వెదురు పుల్ల మీద చుట్టి లాగితే ఏకు.

రంగు కలపాల్సింది ఈ దశలోనే. కొత్త ఉన్ని బొగ్గు నలుపు, పాత గొంగడి ఎండ కాల్చిన గోధుమ నలుపు. అద్దకం వద్దనుకున్నాం. అద్దిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ వేరే దిక్కుకు వెలుస్తుంది, అతుకు బయటపడుతుంది. విడిగా ఉంచిన ఎర్రకొసల వీపు ఉన్నిని కలిపి మూడు రకాలు చేశాం: నల్లది 4 పాళ్లకు ఎర్రకొసలది 1, 3కు 1, 2కు 1. మూడింటినీ వాకిట్లో, పొద్దున పది గంటల వెలుగులో, గొంగడి ఫొటో పక్కన కాదు, దాని నుంచి రాలిన పోగు పక్కన పెట్టి చూశాం. ట్యూబులైటు కింద మూడూ ఒకలాగే కనిపిస్తాయి. తడిసినవీ అంతే. 3కు 1 జతపడింది. 43 ఏకులు అయ్యాయి, 150 గ్రాములు.

ఫిబ్రవరి 13

పనిముట్టు ఎంపిక. పేటీ రాట్నం (పెట్టెలో ఇమిడేది) తెచ్చి చూశాం. అది పొట్టి పత్తి పోగుకు, సన్న నూలుకు చేసింది. చక్రం ఒక్కసారి తిప్పితే కదురు ఎన్నోసార్లు తిరుగుతుంది. అంగుళానికి 12 చుట్ల లావు పోగుకు ఆ వేగంలో పురి పొర్లిపోతోంది. ఇత్తడి తకిలీ (చిన్న చేతి కదురు) మరీ తేలిక, లావు పోగు దాన్ని తిప్పనివ్వదు. పెద్ద చక్రం, లావు కదురు ఉన్న పాత రాట్నాలే ఉన్నికి పనికొస్తాయి. అది దొరకలేదు కాబట్టి 28 సెం.మీ. వెదురు పుల్లకు 7 సెం.మీ. టేకు బిళ్ళ దిగ్గొట్టి వేలాడే కదురు చేశాం. మొత్తం 50 గ్రాములు. బిళ్ళ చిల్లు సరిగ్గా నడుమ లేకపోతే కదురు ఊగుతుంది, ఊగితే పురి సమంగా ఎక్కదు. రెండో బిళ్ళకు కుదిరింది.

మొదటి 10 మీటర్లు తూస్తే 9.4 గ్రాములు. కావాల్సింది 7. లావు ఎక్కువ, పురి అంతకంటే ఎక్కువ: అంగుళానికి 5. వదులుగా వేలాడదీస్తే పోగు తనమీద తానే మెలిపడి పందితోకలు కట్టింది. పక్కన పడేశాం.

ఫిబ్రవరి 14 నుంచి 20 వరకు

వారం రోజుల వడుకు. రోజుకు 40 నిమిషాల నుంచి గంట. 10 మీటర్లకు దాదాపు పాతిక నిమిషాలు.

చేతుల పని ఇలా: కుడిచేత్తో కదురు తిప్పి వదలాలి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు పురికి కాపలా. పురి ఆ వేళ్లు దాటి ఏకులోకి పోకూడదు. పోతే ఏకు బిగుసుకుని ఇక సాగదు. కుడిచెయ్యి మళ్లీ వచ్చి వేళ్ల కింద పట్టుకుంటే, ఎడమచెయ్యి వెనక్కి జరిగి ఏకును సాగదీయాలి. ఒక్కో సాగు 3 సెం.మీ. ఉన్ని వెంట్రుక పొడవు 6 నుంచి 7 సెం.మీ. కదా, దానికి సగం మించి సాగదీస్తే వెంట్రుకలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కదురు నేల మీద పడుతుంది. సాగిన తర్వాత వేళ్లు వదిలితే పురి పాకుతుంది.

తెగుతున్నది ఎక్కువగా ఒక్క కారణానికే: కదురు వేగం తగ్గి ఆగి, చూసుకోకుండా వెనక్కి తిరగడం. పురి విప్పుకుంటుంది, బరువు మోయలేక పోగు జారిపోతుంది. తెగిన చోట ముడి వేయొద్దు. రెండు కొసలనూ 5 సెం.మీ. మేర పురి విప్పి, దూదిలా చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి మళ్లీ పురి పెట్టాలి. ముడి ఉంటే రఫ్ఫులో పాత పడుగు మధ్య నుంచి దూరదు.

పురి లెక్క రెండు రకాలుగా పెట్టుకున్నాం. పడుగుకు అంగుళానికి 3, పేకకు రెండున్నర. ఇంకాస్త పురి పెడితే పోగు గట్టిదవుతుంది గదా అనిపిస్తుంది. రెండు పేటలు కలిపితే ఇంకా గట్టిది. కానీ ఈ పనిలో అతుకు పోగు పాత పోగు కంటే గట్టిగా ఉండకూడదు. గొంగడిని పట్టుకుని లాగినప్పుడు ఏదో ఒకటి తెగాలి. కొత్తది గట్టిదైతే తెగేది దాని చుట్టూ ఉన్న పాత బట్ట, అతుకు మాత్రం పలకలా నిలబడి ఉంటుంది. పాత గొంగళ్ల మీద నైలాన్ దారంతో వేసిన రఫ్ఫులు చూస్తే ఇది తెలుస్తుంది. రఫ్ఫు చెక్కుచెదరదు, దాని చుట్టూ వలయంలా చిరుగు. అందుకే పరీక్ష ఇలా పెట్టుకున్నాం: పాత పోగు, కొత్త పోగు ముడివేసి నెమ్మదిగా లాగితే కొత్తదే ముందు తెగాలి. వారం చివర మూడు ముక్కల్లో రెండు అలా తెగాయి. మూడోదాంట్లో పాతది తెగింది, ఆ కండె పోగును అంచు పనికి మళ్లించాం. అక్కడ లాగుడు తక్కువ.

20వ తేదీకి లెక్క: వాడదగ్గ పోగు 104 మీటర్లు, 71 గ్రాములు. పది మీటర్లకు 6.8.

17న ఫ్రీజర్ నుంచి గొంగడి తీశాం. సంచి మూతి విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి. చల్లటి బట్టకు గదిగాలి తగిలితే తేమ పడుతుంది. మూతి మూసే ఉంచాం కాబట్టి నీటిబొట్లు సంచి బయటివైపే కట్టాయి.

ఫిబ్రవరి 22

చాలామంది వదిలేసే మెట్టు. కొత్త పోగును ముందే కుంచించుకుపోనివ్వడం. గొంగడి ఎన్నో వానల్లో తడిసి, ఎండి, నలిగి కుంచించుకుపోవాల్సినంత కుంచించుకుపోయింది. కొత్త పోగు ఇంకా కాలేదు. అలాగే రఫ్ఫు చేస్తే మొదటి వానకే అతుకు ముడుచుకుంటుంది, చుట్టూ బట్ట కుచ్చులు పడుతుంది.

పోగును చిలపలుగా (వదులు చుట్టలుగా) చుట్టి, నాలుగు చోట్ల వదులుగా నూలు కట్టి, 45 డిగ్రీల కుంకుడు నీళ్లలో 15 నిమిషాలు, తర్వాత చన్నీళ్లలో ముంచి, మళ్లీ వేడిలో. ఇక్కడ మాత్రం వేడి, చల్లన తేడా కావాలనే. రెండు మార్లు చాలు. అరచేతుల మధ్య ఒత్తాలి గానీ రుద్దకూడదు, రుద్దితే పక్క పోగులు అంటుకుంటాయి. మీటరు పోగు 93 సెం.మీ. అయింది. తువ్వాలులో చుట్టి తడి పిండి, దండెం మీద వేలాడదీశాం. పడుగు చిలపకు కింద 200 గ్రాముల బరువు, పేక చిలపకు బరువు లేదు.

ఫిబ్రవరి 24

పడుగు పోగులకు గంజి. మగ్గం మీద గొంగడి పడుగుకు పెట్టే చింతగింజల గంజే ఇక్కడా. రఫ్ఫులో ప్రతి పోగూ పాత బట్టలోంచి పదిసార్లకు పైగా రాసుకుంటూ పోతుంది. గంజి లేకపోతే మధ్యకు వచ్చేసరికి నూగు లేచి తెగుతుంది.

చింతగింజలు వేయించి ఎర్రటి పొట్టు పూర్తిగా తీయాలి. పొట్టులోని వగరు గంజిని ఎర్రగా మారుస్తుంది, మరక పడుతుంది. లోపలి తెల్లపప్పు పొడి 20 గ్రాములు, ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అర లీటరు నీళ్లలో సన్నసెగ మీద 25 నిమిషాలు కలుపుతూనే ఉండాలి. చెంచా నుంచి తీగలా సాగితే అయినట్టు. గోరువెచ్చగా ఉండగా గుడ్డతో పోగు పొడవునా పూసి, లాగి కట్టి ఆరబెట్టాం. గంజి ఏ రోజుది ఆ రోజే వాడాలి. మర్నాటికి పులిసి వాసన వస్తుంది.

మార్చి 1 నుంచి 6 వరకు

పెద్ద చిల్లు.

చిల్లు అంచులు కత్తిరించి చక్కగా చేయాలనిపిస్తుంది, చేయొద్దు. పురుగు సగం కొరికిన పోగులు కూడా కొత్త పోగుకు పట్టు ఇస్తాయి. గొంగడి కింద నున్నటి చెక్కపలక పెట్టాం. ఎంబ్రాయిడరీ చట్రం బిగిస్తే పాత బట్ట సాగి, తీశాక అతుకు ఉబ్బుతుంది. సూది 7 సెం.మీ., మొన మొద్దుగా ఉన్నది. వాడి మొన పాత పోగులను చీలుస్తుంది.

ముందు పడుగు. చిల్లు అంచుకు 3 సెం.మీ. అవతల మొదలుపెట్టి, పాత పడుగు పోగు పక్కనే, అది ఎక్కిన చోట ఎక్కి, దిగిన చోట దిగి, చిల్లు మీదుగా దాటి, అవతల మళ్లీ 3 సెం.మీ. లోపలికి. తిరిగి వచ్చేటప్పుడు మలుపు దగ్గర 3 మిల్లీమీటర్ల చిన్న ఉంగరం వదలాలి. అన్ని మలుపులూ ఒకే గీత మీద ఆగితే అక్కడ బట్ట మడతపడి చిరుగుతుంది. కాబట్టి ఒకటి 3 సెం.మీ. దగ్గర, పక్కది రెండున్నర దగ్గర, ఇలా ఎగుడుదిగుడుగా.

మొదటి ఆరు పోగులు బిగువుగా లాగాం. ఏడోది వేయబోయేసరికి చిల్లు నోరు ముడుచుకుంది. ఆరూ విప్పేశాం. పోగు చిల్లు మీద కొద్దిగా జారినట్టు, గోరు పట్టేంత వదులుగా ఉండాలి. పేక వేసేటప్పుడు అది పైకీ కిందికీ ఒంగుతుంది, ఆ ఒంపుకు కావాల్సిన పొడవు ఇదే.

పేక ఒకటి పైన, ఒకటి కింద. ప్రతి నాలుగు పోగులకు ఒకసారి పాత ఫోర్కుతో మెల్లగా తట్టి, సెంటీమీటరుకు 3 ఉన్నాయో లేవో కొలిచాం. నాలుగో రోజు లెక్క తప్పి 4 పడ్డాయి. అక్కడ అతుకు గట్టిపడింది. రెండు వరుసలు తీసి మళ్లీ వేశాం. మొత్తం 18 మీటర్లు పట్టింది, అనుకున్నదానికంటే 2 ఎక్కువ. విప్పిన పోగు మళ్లీ వాడలేదు, నూగు లేచింది.

మార్చి 8

కాలిన చిల్లు. చుట్టూ గట్టి నల్లపూసల్లా ఉన్న బొగ్గుకొసలను గోటితో నలిపితే పొడి అయిపోయాయి. ఆ పొడి తీసేసి, మిగిలిన మెత్తటి పోగుల నుంచి పని మొదలుపెట్టాం. 11 మీటర్లు.

ఈ రవ్వ చిల్లు ముట్టకూడనివాటిలో లేదా అని మళ్లీ అడిగాం. మంద దగ్గర రాత్రుళ్లు నెగడు వేసుకునే రోజుల నాటిదే అయినా, పెద్దదవుతోందని మూసేయమన్నారు. మూసేముందు రెండు వైపులా ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, గొంగడి కాగితాల్లో చేర్చాం.

మార్చి 10

అంచు. 40 సెం.మీ.లో 160 పడుగు కొసలు. పేక ఇంకా జారకుండా ముందు చివరి పేక పోగును వెనక్కి తట్టి సరిచేసి, నాలుగేసి కొసలు కలిపి ముడి: 40 ముడులు. పొట్టిగా తెగిన 22 చోట్ల 35 సెం.మీ. కొత్త పోగును బట్టలోకి 5 సెం.మీ. దూర్చి, పాత కొసలతో కలిపి ముడివేశాం. ముడి బట్టకు ఆనుకుని కాక, గోటి మందం వదిలి పడాలి. ఆనితే అంచు ముడతలు పడుతుంది. 8 మీటర్లకు కొంచెం తక్కువే పట్టింది.

మార్చి 12

అతుకులను పాత బట్టలో కలపడం. గొంగడి మొత్తం తడపలేదు. గోరువెచ్చటి కుంకుడు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అతుకుల మీద మాత్రమే తడి చేసి, అరచేత్తో గుండ్రంగా, ఒత్తిడి లేకుండా ఐదు నిమిషాలు నలిపాం. చింతగంజి కరిగి పోయింది, నూగు లేచి పక్క పోగులతో కలిసింది.

పసుపు మరక ఉన్న మడతను ముందే ప్లాస్టిక్ కాగితంలో చుట్టి కట్టాం. పసుపుకు సబ్బు, సోడా తగిలితే ఎర్రబడుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఇన్నేళ్లూ ఆ బండారి నిలిచింది లోపలి మడతలో ఉండబట్టే. ఆరబెట్టింది నీడలో, నేల మీద వేసిన నులకమంచం పైన. దండెం మీద వేస్తే తడి బరువుకు అతుకు సాగుతుంది.

ఆరాక పెద్ద అతుకు వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది, భుజం మీద వేస్తే తెలియదు. వేలితో తడిమితే కొద్దిగా మందం. కాలిన చోటు రంగు ఒక పిసరు నల్లగా ఉంది, అది ఎండకు దిగుతుంది.

మార్చి 15

గొంగడి తిరిగి ఇచ్చేరోజు. బరువు 1,642 గ్రాములు. కొత్త పోగు 27 గ్రాములు చేరినా పాత దుమ్ము అంతకంటే ఎక్కువే పోయింది.

దాచే పద్ధతి రాసిచ్చాం. ప్లాస్టిక్ సంచిలో కాదు, ఉతికిన నూలుగుడ్డలో చుట్టాలి. మూడు నెలలకొకసారి విప్పి, దులిపి, మడత గీత మార్చి మళ్లీ మడవాలి. పురుగు చేరేది చీకట్లో, కదలకుండా ఉన్న ఉన్నికి, అందులోనూ చెమట, తిండి మరక ఉన్న చోటికి. వేపాకు పెట్టుకోవచ్చు, విడిగా గుడ్డలో కట్టి, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని ఏడాది పాటు పెట్టె తెరవకుండా ఉండొద్దు. మడత విప్పినప్పుడు బండారి మరక ఎండకు పెట్టొద్దు.

పోగు లెక్క: 104 మీటర్లు కుంచించుకున్నాక 97 అయింది, అందులో వాడింది 37 మీటర్లు, విప్పి పారేసినవి, పరీక్షకు తెంపినవి 6. మిగిలింది 54 మీటర్లు, దాదాపు 40 గ్రాములు. వడకని ఏకులు 17. అన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి, ఏ గొర్రె ఉన్ని, ఎప్పుడు కత్తిరించింది, నల్లది ఎర్రకొసలది ఎన్ని పాళ్లు, పురి ఏ దిక్కు, అంగుళానికి ఎన్ని అని చీటీ రాసి లోపల వేశాం. వచ్చే చిరుగుకు ఇదే పోగు కావాలి.

వాళ్లది ఉన్ని కంకణం ఇల్లు, పెళ్లిలో చేతికి కట్టేది ఉన్ని పోగే. మనవరాలి పెళ్లి వైశాఖంలో ఉంది. అవ్వ సంచి విప్పి, చిలపలన్నీ వేళ్ల మధ్య రాసి చూసి, పడుగుకు వడికిన వాటిలో నల్లటిది ఒకటి వేరు చేసింది. రెండు మీటర్లు చాలంది. కంకణానికి గంజి లేని పోగే కావాలి కాబట్టి దాన్ని గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి జాడించి ఆరబెట్టి ఇచ్చాం.